నూనె మారిస్తే వైరస్ ఆగుతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్నకి డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. ఏటా చలికాలంలో జ్వరం, దగ్గుతో ఒకసారైనా మంచం పడతారు. ఈ మధ్య అమ్మ ఫోన్‌లో ఒక వీడియో చూసింది. మనం తినే కొవ్వుతోనే ఒంట్లో ప్రతి కణం గోడా తయారవుతుందట. గింజల నూనెలు తింటే ఆ గోడ మెత్తబడి వైరస్ దూరిపోతుందట, గట్టి కొవ్వులు తింటే గోడ గట్టిపడి వైరస్ బయటే ఆగిపోతుందట. కొబ్బరినూనె తాగితే వైరస్ మీదుండే కొవ్వు పొర కరిగిపోతుందని కూడా చెప్పారు. అప్పట్నుంచి ఇద్దరూ రోజూ పొద్దున్నే రెండేసి పెద్ద స్పూన్ల కొబ్బరినూనె తాగుతున్నారు. కొలెస్ట్రాల్ కణాలకి అవసరమట కదా అని అమ్మ తన కొలెస్ట్రాల్ మాత్ర కూడా కొన్ని వారాలుగా మానేసింది. ఇప్పుడు చేపనూనె క్యాప్సూల్స్ తెప్పించమంటోంది. నేను సైన్స్ చదవలేదు, వాదించడానికి నా దగ్గర మాటల్లేవు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇందులో నిజమెంత?

సమాధానం: ముందు మాత్ర సంగతి చూడండి. మిగతావన్నీ నింపాదిగా మాట్లాడుకోవచ్చు, అది మాత్రం ఆగేది కాదు. ఆ మాత్ర రాసిన డాక్టరుకి ఈ రోజే ఫోన్ చేసి, కొన్ని వారాలుగా మానేశారని ఉన్నదున్నట్టు చెప్పండి. మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. మీ అమ్మగారికి ఇదివరకు గుండెపోటు వచ్చి ఉన్నా, స్టెంట్ వేసి ఉన్నా ఫోన్‌తో సరిపెట్టకుండా ఆవిడని తీసుకునే వెళ్లండి.

కొలెస్ట్రాల్ కణాలకి అవసరమన్న మాట నిజమే. కానీ దాని కోసం రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండాల్సిన పని లేదు. దాదాపు ప్రతి కణమూ తనకి కావలసినంత తనే తయారుచేసుకోగలదు. కొలెస్ట్రాల్ అత్యధికంగా ఉండే అవయవాల్లో మెదడు ఒకటి. అయినా అది రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లోపలికి రానివ్వదు, తన వాటా తనే చేసుకుంటుంది. మీ అమ్మగారు వేసుకునేది స్టాటిన్ రకం మాత్ర అయితే, అది ప్రధానంగా లివర్‌లో ఈ తయారీని తగ్గిస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ని, ఎక్కువగా లాక్కుంటుంది. అలా రక్తనాళాల్లో పేరుకునేది తగ్గుతుంది. మిగతా కణాలు తమ పొరలకి కావలసింది తయారుచేసుకుంటూనే ఉంటాయి. కాబట్టి మాత్ర వేసుకుంటే కణాలు బలహీనపడతాయన్న భయం అక్కర్లేదు.

ఇక వీడియో. అందులో ప్రతి మాటా నిజంతోనే మొదలవుతుంది, అందుకే మీకు జవాబు దొరకలేదు. ఎక్కడ దారి తప్పిందో చూద్దాం.

కణం చుట్టూ ఉండేది గోడ కాదు, కణత్వచం అనే పలచటి కొవ్వు పొర. మందం దాదాపు 5 నానోమీటర్లు. అంటే అలాంటివి రెండు లక్షలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. ఈ పొర ఎలా ఉంటుందో 1925లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గోర్టర్, గ్రెండెల్ చాలా తేలికైన పద్ధతిలో కనుక్కున్నారు. ఎర్ర రక్తకణాల్లోంచి కొవ్వునంతా అసిటోన్‌తో బయటికి తీసి నీళ్ల మీద పరిచారు. ఒక్క అణువు మందాన పరుచుకున్న ఆ కొవ్వు ఎంత మేర ఆక్రమించిందో కొలిస్తే, ఆ కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అంటే పొరలో కొవ్వు అణువులు రెండు వరసల్లో ఉన్నాయన్నమాట. వాళ్లు కొవ్వుని పూర్తిగా బయటికి తీయలేకపోయారు, కణాల ఉపరితలాన్ని కూడా తక్కువగా లెక్కేశారు. ఆ రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి సరిచేసుకోవడంతో జవాబు సరిగ్గా వచ్చింది. దాని మీదే వందేళ్ల విజ్ఞానం నిలబడింది.

ఈ అణువులు ఫాస్ఫోలిపిడ్లు. ఒక్కోదానికి నీళ్లని ఇష్టపడే తల, నీళ్లంటే గిట్టని రెండు తోకలు ఉంటాయి. ఆ తోకలే ఫ్యాటీ యాసిడ్లు. సంతృప్త కొవ్వు (వీడియోలో చెప్పిన గట్టి కొవ్వు) తోక నిటారుగా ఉండి పక్కదానికి దగ్గరగా సర్దుకుంటుంది. అసంతృప్త కొవ్వు (గింజల నూనెల్లో ఎక్కువగా ఉండేది) తోకలో వంపు ఉంటుంది, అందుకని వాటి మధ్య సందు మిగిలి పొర కాస్త జారుగా కదులుతుంది. మనం తినే కొవ్వు ఈ తోకల్లో చేరుతుందన్నదీ నిజమే. చేపనూనెలోని ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3లు కొన్ని నెలలపాటు తీసుకుంటే ఎర్ర రక్తకణాల పొరలో వాటి శాతం పెరగడం పరీక్షలో కనిపిస్తుంది. ఎర్ర కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి ఆ మార్పు మెల్లగా వస్తుంది. ఒంట్లో నిల్వ ఉండే కొవ్వయితే ఇంకా నెమ్మదిగా మారుతుంది, దానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఇవాళ్టి నూనెతో రేపటికల్లా కణాలు మారిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

వీడియో చెప్పని అసలు విషయం ఇక్కడే ఉంది. పొర ఎంత జారుగా ఉండాలో నిర్ణయించేది కణమే. సంతృప్త కొవ్వు ఎక్కువగా చేరుతుంటే, కణంలోని ఒక ఎంజైమ్ అందులో కొంతదానికి వంపు పెట్టి అసంతృప్తంగా మార్చేస్తుంది. స్టియరిక్ యాసిడ్ ఒలియిక్ యాసిడ్‌గా మారడం అలాంటిదే. తోకలు మరీ వదులైతే కొలెస్ట్రాల్ వాటి మధ్య సర్దుకుని బిగువు తెస్తుంది, మరీ బిగుసుకుపోతే అదే కొలెస్ట్రాల్ వాటిని దగ్గరగా చేరనివ్వకుండా అడ్డుపడుతుంది. అందుకే గట్టి కొవ్వు ఎంత తిన్నా కణాల పొరలో సంతృప్త కొవ్వు వాటా పెద్దగా మారదు. ఆహారాన్ని బట్టి కొట్టొచ్చినట్టు మారేవి ఒమేగా-3, ఒమేగా-6 రకాలే, ఎందుకంటే వాటి మూల పదార్థాల్ని మన ఒళ్లు తయారుచేసుకోలేదు. మొత్తం మీద, తిండితో గోడ గట్టిపరచడమనే పని శరీరం జరగనివ్వదు. గట్టిపడితే మనకే నష్టం: గ్లూకోజు, ఉప్పు, హార్మోన్ల సందేశాలు దాటించే ప్రోటీన్లన్నీ ఆ పొరలో ఈదుతూనే పని చేయాలి.

సరే, మెత్తటి పొరలోంచి వైరస్ దూరిపోతుందా? వైరస్ అలా రాదు. అది కణం మీదున్న ఒక నిర్దిష్టమైన అణువుని పట్టుకుంటుంది. కోవిడ్ వైరస్‌కి అది ఏస్-2 అనే ప్రోటీన్. ఫ్లూ వైరస్‌కి కణం మీదుండే సియాలిక్ యాసిడ్ అనే చక్కెర. పట్టుకున్నాక ఫ్లూ వైరస్‌ని కణమే ఒక చిన్న సంచిలో లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలో ఆమ్లత్వం పెరగగానే వైరస్ ప్రోటీన్ రూపు మార్చుకుని, తన పొరని సంచి పొరతో కలిపేసి, జన్యువుల్ని లోపలికి వదులుతుంది. పోలియో, నోరోవైరస్, మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ లాంటి వాటికైతే అసలు కొవ్వు పొరే ఉండదు. అవీ లోపలికి రాగలుగుతూనే ఉన్నాయి.

పైగా ప్రయోగశాలలో కనిపించింది వీడియో చెప్పినదానికి ఎదురు. పొరలో కొలెస్ట్రాల్ దట్టంగా, కాస్త బిగువుగా ఉండే చోట్లనే చాలా వైరస్‌లు వాడుకుంటాయి. ఒక రసాయనంతో కణాల్లోంచి కొలెస్ట్రాల్‌ని తోడేస్తే హెచ్‌ఐవీ, కరోనా లాంటి వాటికి లోపలికి రావడం కష్టమవుతుంది. అలాగైతే కొలెస్ట్రాల్ తోడేసే ఆహారం తింటే సరిపోతుందా అనిపిస్తుంది. ఆ ప్రయత్నం ఒకసారి జరిగింది.

1980లలో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో కోడిగుడ్డు పచ్చసొన కొవ్వులతో ఒక మిశ్రమం చేశారు. మూడు రకాల కొవ్వుల్ని 7:2:1 పాళ్లలో కలిపారు కాబట్టి దాని పేరు ఏఎల్-721. అది కణాల పొరలోంచి కొలెస్ట్రాల్‌ని లాగేసి పొరని వదులు చేస్తుంది. 1985లో, అమెరికాలో ఎయిడ్స్ పరిశోధకుడు రాబర్ట్ గాలో కూడా ఉన్న బృందం, గాజు పాత్రలో పెంచిన కణాల్లో ఇది ఎయిడ్స్ వైరస్‌ని అడ్డుకుంటోందని ప్రకటించింది. అప్పటికి ఆ జబ్బుకి మందే లేదు. మొదటి మందు ఏజెడ్‌టీకి అనుమతి వచ్చింది 1987లో. చనిపోతామని తెలిసినవాళ్లు అధికారిక అనుమతుల కోసం ఎలా ఆగగలరు? 1987లోనే న్యూయార్క్‌లో రోగులు, వాళ్ల స్నేహితులు కలిసి ఒక సంఘం పెట్టుకుని ఈ మిశ్రమానికి నకళ్లు తెప్పించుకున్నారు. ఫ్రీజర్‌లో దాచుకుని, రొట్టె మీద రాసుకుని తిన్నారు. ఎంతో ఆశపెట్టుకున్నారు. తర్వాత మనుషుల మీద జరిపిన పరీక్షల్లో ప్రయోజనం కనిపించలేదు, ఆ మిశ్రమం మెల్లగా కనుమరుగైంది.

ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ, 'ఈ కొవ్వు తింటే వైరస్ చస్తుంది' అన్న మాట వినగానే నేను మొదట అడిగేది ఒకటే: గాజు పాత్రలో చచ్చిందా, మనిషిలోనా? గాజు పాత్రలో కొవ్వు నేరుగా కణం మీద పడుతుంది. నోట్లో వేసుకున్నది పేగుల్లో పైత్యరసంతో కలిసి, ఎంజైముల చేత ముక్కలై, పేగు గోడ కణాల్లో మళ్లీ కొత్తగా అతుక్కుని, కైలోమైక్రాన్లనే పొట్లాల్లో రక్తంలోకి వస్తుంది. తిన్న కొవ్వు తిన్న రూపంలో ఊపిరితిత్తుల దాకా చేరదు.

కొబ్బరినూనె సంగతీ ఇంతే. అందులో లారిక్ యాసిడ్ ఎక్కువ. దాన్నుంచి వచ్చే మోనోలారిన్ కొవ్వు పొర ఉన్న వైరస్‌లని గాజు పాత్రలో విచ్ఛిన్నం చేస్తుంది, అది నిజం. సబ్బు చేతుల మీద చేసే పనీ అదే. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఫ్లూ వైరస్ మీదున్న కొవ్వు పొర ఎక్కడిది? అది బయటికి వచ్చేటప్పుడు మన కణం పొరలోంచే ఒక ముక్క చుట్టుకుని వచ్చింది. కరోనా అయితే కణం లోపలి పొరల నుంచి తీసుకుంటుంది. సరుకు మనదే. రక్తంలో తిరుగుతూ ఆ పొరని కరిగించగలిగేది ఏదైనా మన కణాలనీ కరిగిస్తుంది. తాగిన నూనె అంత పని చేయకపోవడమే మనకి మంచిది. తల్లిపాలలోని కొవ్వు బిడ్డ పొట్టలో అరిగినప్పుడు పుట్టే ఫ్యాటీ యాసిడ్లు ఇలాంటి వైరస్‌లని దెబ్బతీయగలవు. అయితే అది పేగు లోపల, పైపైన జరిగే పని.

ఇక గింజల నూనెల మీద పడ్డ నింద. వాటిలో ముఖ్యమైన ఫ్యాటీ యాసిడ్ లినోలెయిక్ యాసిడ్. 2020లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ శాస్త్రవేత్తలు కరోనా వైరస్ కణాన్ని పట్టుకోవడానికి వాడే స్పైక్ ప్రోటీన్‌ని అతి దగ్గరగా చూసినప్పుడు, అందులో ఒక చిన్న గూడులో ఈ లినోలెయిక్ యాసిడే ఇరుక్కుని ఉంది. అది ఉన్నప్పుడు స్పైక్ ముడుచుకుని ఉండి ఏస్-2ని సరిగ్గా పట్టుకోలేదు. వీడియో దోషిగా నిలబెట్టిన కొవ్వే వైరస్‌కి అడ్డుపడుతూ కనిపించింది. అలాగని ఆ నూనె తాగమని నేను చెప్పను, ఎందుకంటే ఇదీ ప్రయోగశాలలో చూసిన సంగతే. గింజల నూనె వైరస్‌కి తలుపు తీస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు.

చేపనూనెకి వద్దాం, మీ అమ్మగారు అడుగుతున్నారు కదా. ఒమేగా-3ల నుంచి ఒళ్లు తయారుచేసుకునే కొన్ని పదార్థాలు ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే లోపలి వాపుని, అదుపు చేస్తాయి. వినడానికి బాగుంటుంది, కానీ వైరస్‌తో పోరాడటానికి మొదట్లో కొంత వాపు కావాలి. ఎలుకల్లో రెండు రకాల ఫలితాలూ వచ్చాయి. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో చేపనూనె తిన్న ఎలుకలు ఫ్లూని సరిగ్గా తట్టుకోలేకపోయాయి. 2013లో ఇంకొక బృందం, డీహెచ్‌ఏ నుంచి పుట్టే ప్రొటెక్టిన్ అనే పదార్థం ఫ్లూ వైరస్ పెరుగుదలని అడ్డుకుంటుందని చూపించింది. మరి మనుషుల్లో? నార్వేలో 2020-21 చలికాలంలో 34,601 మంది వయోజనులని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రోజుకి 5 మిల్లీలీటర్ల కాడ్ లివర్ ఆయిల్, అంటే ఒమేగా-3లతో పాటు విటమిన్ డి కూడా ఉన్న చేప కాలేయపు నూనె ఇచ్చారు. రెండో గుంపుకి మొక్కజొన్న నూనె ఇచ్చారు. ఎవరు ఏది తాగుతున్నారో వాళ్లకి తెలియదు. ఆరు నెలల దాకా చూస్తే రెండు గుంపుల్లోనూ కోవిడ్ తేలినవాళ్లు 1.3 శాతమే. మిగతా శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లలోనూ తేడా రాలేదు. మొక్కజొన్న నూనె కూడా గింజల నూనేనని అమ్మగారికి చెప్పండి. అంతమంది దాన్ని రోజూ తాగినా చేప కాలేయపు నూనె తాగిన గుంపు కంటే ఎక్కువ జబ్బు పడలేదు.

కాబట్టి వైరస్‌ల కోసం చేపనూనె క్యాప్సూల్స్ కొననక్కర్లేదు. చేప తినే అలవాటుంటే వారానికి ఒకటి రెండుసార్లు తినడం గుండెకి మంచిది. ఎక్కువ మోతాదులో ఒమేగా-3 మాత్రలు వేసుకునేవాళ్లలో కొందరికి గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

కొవ్వుకీ వైరస్‌కీ సంబంధమే లేదని మీరు అనుకోకూడదు. ఉంది, చాలా లోతుగా ఉంది. హెపటైటిస్ సి వైరస్ లివర్ కణాల్లోని కొవ్వు బిందువుల దగ్గరే కొత్త వైరస్‌లని కూర్చుకుంటుంది. డెంగీ వైరస్ మన కణంలో కొవ్వు తయారుచేసే ఎంజైమ్‌ని తన దగ్గరికి లాక్కుంటుంది. మన వైపు నుంచి కూడా ఎదురు పోరాటం ఉంది. వైరస్ జాడ తెలియగానే ఇంటర్‌ఫెరాన్ (కణాలు ఒకదానికొకటి పంపుకునే హెచ్చరిక ప్రోటీన్) ప్రభావంతో కణాలు కొలెస్ట్రాల్‌ని కొద్దిగా మార్చి 25-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ అనే పదార్థం చేస్తాయి. అది పొరలో కొలెస్ట్రాల్ అమరికని మార్చేసి వైరస్ పొర కలవకుండా అడ్డుకుంటుంది. వీడియోలో ఊహించిన రక్షణ ఒంట్లో నిజంగానే ఉంది. దాన్ని నడిపేది కణం, అవసరమైనప్పుడు, అవసరమైన చోట.

ఆహారం వల్ల వైరస్సే మారిపోయిన ఉదాహరణ కూడా ఒకటుంది. 1990లలో అమెరికా శాస్త్రవేత్త మెలిండా బెక్ బృందం, సెలీనియం అనే ఖనిజం లేదా విటమిన్ ఇ లోపించిన ఎలుకలకి గుండెకి హాని చేయని కాక్సాకీ వైరస్ రకాన్ని ఎక్కించింది. ఆ ఎలుకల గుండెలు దెబ్బతిన్నాయి. లోపలున్న వైరస్ జన్యువులు మారి అది ప్రమాదకరమైనదైపోయింది. దాన్ని తీసి మంచి పోషణ ఉన్న ఎలుకలకి ఎక్కిస్తే వాటికీ జబ్బు చేసింది. అసంతృప్త కొవ్వులు తేలిగ్గా ఆక్సీకరణ చెందుతాయి, విటమిన్ ఇ వాటిని కాపాడుతుంది. గింజలు, పప్పుగింజలు తింటే ఆ కొవ్వూ ఆ విటమినూ కలిసే వస్తాయి. అందుకే సీసాలోని నూనె కంటే అవే నాకు ఎక్కువ నచ్చుతాయి.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలి? పొద్దున్నే తాగే కొబ్బరినూనె ఆపించండి. రెండు పెద్ద స్పూన్లంటే సుమారు 27 గ్రాముల కొవ్వు, 240 కేలరీలు. అందులో 22 గ్రాముల దాకా సంతృప్త కొవ్వే. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి పది శాతం, అంటే అదీ సుమారు 22 గ్రాములే. రోజు మొత్తం వాటా టిఫిన్‌కి ముందే అయిపోతోంది. దాంతో ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అదీ మాత్ర మానేసిన మనిషికి. వంటకి గింజల నూనె మానేసి ఉంటే మళ్లీ తెచ్చుకోండి, ఏ రకమైనా ఫరవాలేదు, మితంగా వాడండి. ఒకసారి బాగా కాగిన నూనెని మళ్లీ మళ్లీ కాచకండి.

నాన్నగారిని కాపాడేవి వేరే ఉన్నాయి. షుగర్ అదుపులో లేకపోతే వైరస్ జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. ఆయన బరువు ఎక్కువైతే అదీ అంతే, 2009 స్వైన్ ఫ్లూ అప్పుడే ఇది స్పష్టంగా బయటపడింది. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు సలహా మీద న్యూమోనియా టీకా వేయించండి. ఈసారి జ్వరం, దగ్గు మొదలైతే నాలుగు రోజులు చూద్దామని ఆగకండి. ఫ్లూకి వాడే ఓసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పని చేస్తుంది. జ్వరంలో షుగర్ పెరుగుతుంది కాబట్టి ఆ రోజుల్లో మామూలుకంటే ఎక్కువసార్లు చూసుకోవాలి.

అమ్మగారితో మాట్లాడేటప్పుడు వీడియో అంతా అబద్ధమని మొదలుపెట్టకండి. ఆవిడ ఇదంతా చేసింది నాన్నగారి కోసమే. కణాలకి కొవ్వు పొర ఉందన్నది నిజం, వైరస్‌కీ ఉందన్నది నిజం, తిండి ప్రభావం ఉందన్నదీ నిజం. అక్కడి దాకా ఒప్పుకుని, నార్వే పరీక్ష సంగతి చెప్పండి. మాత్ర మళ్లీ మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల మధ్య ఆవిడకి కొలెస్ట్రాల్ పరీక్ష చేయిస్తారు. ఆ రోజు నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లి, మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష చేయించండి, టీకాల గురించీ అప్పుడే అడిగేయండి.